ర్యాంకు వచ్చాక కూడా తీరని వెలితి

సివిల్ సర్వీసెస్ పరీక్షలో ఎంపికైనవాళ్ళలో చాలామంది మరుసటి ఏడాదే మళ్ళీ అదే పరీక్షకు కూర్చుంటారని చెబితే, ఆ లోకంతో పరిచయం లేనివాళ్ళు నమ్మలేనట్టు చూస్తారు. లక్షలమంది దరఖాస్తు చేసుకునే ఆ పరీక్షలో 2016 సంవత్సరానికి తుది జాబితాకెక్కినవాళ్ళు 1,099 మంది. వాళ్ళలో ఐఏఎస్ దక్కేది 180 మందికి మాత్రమే. తక్కినవాళ్ళు తమ ర్యాంకును, రిజర్వేషన్‌ను, తామిచ్చిన ప్రాధాన్యక్రమాన్ని బట్టి పోలీసు, విదేశాంగ, ఆదాయపు పన్ను, కస్టమ్స్, ఆడిట్, పోస్టల్, రైల్వే సర్వీసుల్లో చేరతారు. ఆ జాబితాలో నా పేరు ఉంది. నాకు ఆదాయపు పన్ను శాఖ వచ్చింది. ఊళ్ళో ఫ్లెక్సీ కట్టారు, చదువుకున్న బడికి పిలిచి శాలువా కప్పారు, అమ్మ మొక్కు తీర్చుకుంది. ఆ హడావుడి సద్దుమణగక ముందే నేను తర్వాతి ఏడాది ప్రిలిమ్స్, అంటే తొలి దశ వడపోత పరీక్ష, పుస్తకాలు తీశాను. ఎందుకని అడిగినవాళ్ళకు ఇంకా మంచి సర్వీసు కోసమని చెప్పేదాన్ని. ఆ జవాబు అబద్ధం కాదు, కానీ దాని వెనక మరొకటి ఉందని నాకే లోలోపల తెలుస్తూ ఉండేది. అదేమిటో చూడటానికి నేను పట్టిన దారిని, ఆ దారిలో తెలిసినవాటిని ఇక్కడ రాస్తున్నాను.

ఆ పరీక్ష స్వరూపం గురించి కొంత చెప్పాలి. మెయిన్స్ అనే రెండో దశ రాతపరీక్షకు 1,750 మార్కులు, ఇంటర్వ్యూకు 275, మొత్తం 2,025. 2017 పరీక్షలో దేశంలో మొదటి ర్యాంకు సాధించిన మెట్‌పల్లి వాస్తవ్యుడు దురిశెట్టి అనుదీప్‌గారికి వచ్చినవి 1,126 మార్కులు, అంటే 55.6 శాతం. దేశం మొత్తానికి మొదట నిలిచిన మనిషి మార్కుల పట్టికలో కూడా 899 మార్కులు రానివే. తుది ఫలితాలు వచ్చిన కొద్ది రోజులకు ఎవరి మార్కుల పట్టిక వాళ్ళ చేతికొస్తుంది. నా విషయంలో సంతోషం అక్కడ ఆగిపోయి లెక్క మొదలైంది. వ్యాసం పేపరులో ఇంకో పదిహేను, ఎథిక్స్‌లో ఇంకో పది, ఇంటర్వ్యూలో ఇంకో ఇరవై వచ్చి ఉంటే అని కాగితం మీద కూడికలు వేసుకుంటూ కూర్చున్నాను. వచ్చిన మార్కుల వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నా కన్ను మొదటి నుంచీ రానివాటిని వెతకడానికే అలవాటుపడిందని, ఆ అలవాటుకు చాలా పాత చరిత్ర ఉందని తర్వాత అర్థమైంది.

మా ఊరు అప్పటి ప్రకాశం జిల్లాలో కందుకూరు వైపు. సొంత పొలం కొద్దిగానే ఉండటంతో నాన్న మరికొంత కౌలుకు తీసుకుని వర్జీనియా పొగాకు వేసేవారు. ఆ పంట ఇంటిల్లిపాది చేతా పని చేయిస్తుంది. కింది ఆకులతో మొదలుపెట్టి దఫదఫాలుగా కొట్టుకొచ్చిన పచ్చాకును కర్రలకు అల్లి, బ్యారన్ అనే ఆకు కాల్చే గదిలో వేలాడదీసి, పగలూ రాత్రీ పొయ్యి ఆరకుండా చూసుకుంటూ కాల్చి, దింపిన ఆకును మండె వేసి, అంటే కుప్పగా పేర్చి ఉంచి, ఆ తర్వాత గ్రేడింగ్‌కు కూర్చోవాలి. గ్రేడింగ్ ఎక్కువగా ఆడవాళ్ళ పని. సెలవు రోజుల్లో నేనూ అమ్మ పక్కన చేరేదాన్ని. ఆకును వెలుతురుకు పట్టుకుని రంగు, మచ్చ, మందం, చిరుగు చూసి బ్రైటు ఒక కుప్పలో, మీడియం ఒక కుప్పలో, లో గ్రేడు ఒక కుప్పలో వేయాలి. నేను బ్రైటులో వేసిన ఆకును అమ్మ తీసి, "అంచు చూడమ్మాయ్, ఇక్కడ మాడింది" అని చూపించి రెండో కుప్పలో వేసేది. ఆమె మాటలో మందలింపు ఉండేది కాదు. ఆకును చూసినంత శ్రద్ధగా ఏ వస్తువునైనా చూడాలన్న సంగతి నేను ఆమె దగ్గరే నేర్చుకున్నాను. ఆ నేర్పు తర్వాత లెక్కల పుస్తకాలు తనిఖీ చేసే ఉద్యోగంలో నాకు ఎంతో అక్కరకొచ్చింది.

వేలం కేంద్రంలో జరిగేది మాత్రం వేరు. నాన్న అప్పుడప్పుడూ నన్ను వెంట తీసుకెళ్ళేవారు. వరసలుగా పేర్చిన పొగాకు మూటల, అంటే బేళ్ళ, మధ్య కొనుగోలుదార్ల మనుషులు నడుచుకుంటూ పోతారు. ఒక్కో బేలు దగ్గర వాళ్ళు ఆగేది కొన్ని క్షణాలే. నెలల తరబడి చేసిన చాకిరీ విలువ ఆ కొన్ని క్షణాల్లో తేలిపోతుంది. ఒక రోజు మా బేలు దగ్గర ఒకాయన ఆకు లాగి, వేళ్ళతో నలిపి, కింద పడేసి ముందుకు నడిచాడు. వెనక వస్తున్నవాళ్ళు ఆగనైనా ఆగలేదు. చీటీ మీద ధర పడలేదు. "నో బిడ్" అన్నారు. నాన్న వంగి, కింద పడిన ఆకును తీసి, బేలులో దోపి, అరచేత్తో నెమ్మదిగా సర్దారు. ఆయన ఎవరితోనూ ఏమీ అనలేదు. అప్పుడు నాకు పదేళ్ళ లోపే. నాకు కలిగిన భావానికి ఆ వయసులో మాటలు లేవు. ఒకరు వచ్చి చూసి, వద్దనుకుని, ఆ మాట కూడా చెప్పకుండా పక్కకు వెళ్ళిపోయే పరిస్థితి మనకు ఎన్నటికీ రాకూడదన్న పట్టుదల మాత్రం ఆ రోజున నాలో పడింది.

ఇక్కడ ఒక తేడా చెప్పకపోతే తర్వాత రాసేదంతా తప్పుదారి పడుతుంది. మా ఇంట్లో డబ్బు లోటు ఉండేది. దానికి అంకె ఉంది, వడ్డీ ఉంది, తీర్చాల్సిన గడువు ఉంది. ఉద్యోగం వచ్చాక ఆ అప్పు తీరింది, ఆ లోటు పోయింది. నేను వెలితి అంటున్నది దాన్ని కాదు. బేలు పక్కన నిలబడినప్పుడు లోపల పడినదానికి అంకె లేదు, తీర్చుకోవడానికి గడువూ లేదు, అది ఎవరికి బాకీయో కూడా తెలియదు. పేదరికాన్ని ఆత్మన్యూనతతో కలిపేసి, మనసు మార్చుకుంటే సరిపోతుందని పేదవాళ్ళకు చెప్పేవాళ్ళ మీద నాకు ఇప్పటికీ కోపం వస్తుంది. అప్పున్నవాడికి కావలసింది ముందు డబ్బు.

ఇంటర్మీడియట్‌కు చేరిన రెసిడెన్షియల్ కాలేజీ ఆ వెలితికి ఒక పద్ధతి నేర్పింది. వారం వారం పరీక్ష, గోడ మీద ర్యాంకుల జాబితా, దాన్ని బట్టి సెక్షన్ల మార్పు. సెక్షన్ దిగినవాళ్ళు పెట్టె, పరుపు సర్దుకుని గది కూడా మారాలి. పై సెక్షన్‌లో ఉన్నంతకాలం నాకు సంతోషం ఉండేది కాదు, దిగలేదన్న ఊరట మాత్రమే ఉండేది. ఆ ఊరటనే చాలాకాలం సంతోషమనుకున్నాను. తెలుగు రాష్ట్రాల్లో నా వయసువాళ్ళు చాలామందికి ఈ సంగతి విడమరిచి చెప్పనక్కర్లేదు.

డిగ్రీ అయ్యాక హైదరాబాద్ అశోక్‌నగర్ చేరాను. ఆర్టీసీ క్రాస్ రోడ్స్ నుంచి ఇందిరా పార్క్ వైపు ఉన్న ఆ సందుల్లో జిరాక్స్ దుకాణాలు, స్టడీ హాళ్ళు, హాస్టళ్ళు, టిఫిన్ బండ్లు తప్ప వేరే జీవితం ఉన్నట్టు కనిపించదు. గ్రూప్స్‌కు, ఎస్సై పరీక్షకు, బ్యాంకు ఉద్యోగాలకు, సివిల్స్‌కు చదివేవాళ్ళంతా పక్కపక్కనే ఉంటారు. చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో పొద్దున్నే చోటు పట్టుకోవడానికి వచ్చేవాళ్ళ ముఖాలు నాకు బాగా గుర్తు. ఎవరు ఎన్నేళ్ళుగా ఉంటున్నారని అడగకూడదన్న మర్యాద అందరికీ తెలుసు. అక్కడి కష్టం మీద, ఆ పిల్లల ఓర్పు మీద నాకున్న గౌరవం ఎన్నటికీ తగ్గదు. ఒకరి నోట్సు ఇంకొకరికి జిరాక్స్ తీసిచ్చే మంచితనం, మెస్ బిల్లు కట్టలేని స్నేహితుడికి తెలియకుండా కట్టేసే మంచితనం నేను ఎక్కువగా చూసింది అక్కడే.

మెయిన్స్‌లో నేను ఎంచుకున్న ఐచ్ఛిక విషయం తెలుగు సాహిత్యం. దాని రెండో పేపరుకు నిర్దేశించిన గ్రంథాల్లో రాచకొండ విశ్వనాథశాస్త్రిగారి 'అల్పజీవి' ఒకటి. తన్ను తాను అందరికన్నా తక్కువవాడిగా భావించుకుని ప్రతివాడికీ భయపడే గుమాస్తా సుబ్బయ్య కథ అది. సుబ్బయ్య ఆత్మన్యూనతను విశ్లేషించమన్న ప్రశ్నకు నేను జవాబు తయారుచేసుకున్నాను. చైతన్యస్రవంతి పద్ధతి, మధ్యతరగతి భయం, సమాజం అతనికిచ్చిన స్థానం అని ఉపశీర్షికలు పెట్టి, కొటేషన్లు కుదించి, గడియారం పెట్టుకుని రాసి సాధన చేశాను. ఆ పాత్రను అంత దగ్గరగా చదువుతూ కూడా దాన్ని నాకు అన్వయించుకునే తీరిక దొరకలేదు. సుబ్బయ్య భయపడి వెనక్కి జరుగుతాడు, నేను అదే భయంతో ముందుకు పరుగెత్తుతున్నాను కాబట్టి ఇద్దరికీ పోలిక లేనట్టే తోచింది. ఉద్యోగంలో చేరాక ఆ నవలను పరీక్ష బాధ లేకుండా మళ్ళీ చదివినప్పుడు చాలా పేజీల దగ్గర ఆగిపోవలసి వచ్చింది.

ఎంపికయ్యాక, వేర్వేరు సర్వీసులవాళ్ళకు కలిపి ఇచ్చే తొలి శిక్షణ అయిన ఫౌండేషన్ కోర్సు హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోని మర్రి చెన్నారెడ్డి మానవ వనరుల అభివృద్ధి సంస్థలో జరిగింది. అశోక్‌నగర్‌కు దూరమేమీ కాదు, కానీ అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి ఎంతోమందికి యవ్వనమంతా పట్టింది. పగలు తరగతులు, వ్యాయామం, గ్రామ సందర్శనలు, సాంస్కృతిక కార్యక్రమాలు. రాత్రి చాలా గదుల్లో మళ్ళీ అవే పుస్తకాలు. అప్పటి నిబంధనల ప్రకారం తర్వాతి మెయిన్స్ రాయదలచుకున్నవాళ్ళు ఫౌండేషన్ కోర్సు నుంచే మినహాయింపు కోరి మరుసటి బ్యాచ్‌తో చేరవచ్చు. అలా వెళ్ళినవాళ్ళను చూసి మిగిలినవాళ్ళం గుబులుపడేవాళ్ళం. ఆ తర్వాత శాఖాపరమైన శిక్షణకు నాగపూర్‌లోని జాతీయ ప్రత్యక్ష పన్నుల అకాడమీకి వెళ్ళాను. మూల వేతనం ఐఏఎస్‌కూ మాకూ చేరేనాటికి ఒక్కటే, ఏడో వేతన సంఘం ప్రకారం 56,100 రూపాయలు. కాబట్టి నన్ను తొలుస్తున్నది జీతం కాదని స్పష్టంగా తెలుసు. ఒక పెళ్ళిలో దూరపు బంధువు ఒకాయన "అంటే కలెక్టరు కాదన్నమాట" అన్నాడు. ఆయన మాటలో దురుద్దేశం లేదు, తెలుసుకోవడానికే అడిగాడు. నాకు మాత్రం భోజనం సహించలేదు.

2018 ఏప్రిల్‌లో, నేను నాగపూర్‌లో ఉండగా, అనుదీప్‌గారి మొదటి ర్యాంకు వార్త వచ్చింది. ఆయన అంతకుముందే రెవెన్యూ సర్వీసులో ఉన్నారు. 2013 పరీక్షలో 790వ ర్యాంకు తెచ్చుకుని, ఉద్యోగం చేస్తూనే చదివి మొదటి స్థానానికి చేరారు. తెలుగువాళ్ళందరితో పాటు నేనూ గర్వపడ్డాను. ఆయన మనసులో ఏముందో నాకు తెలియదు, ఆయన కృషిని తూచే హక్కూ నాకు లేదు. ఆ వార్తను నేను వాడుకున్న తీరు గురించి మాత్రమే చెబుతున్నాను. ఉద్యోగంలో ఉండి చదవడం కుదరదన్న ఆఖరి సాకు కూడా దానితో పోయింది. ఆ రాత్రి నుంచి నిద్ర తగ్గింది. తెల్లవారుజామున లేచి చదవడం, తరగతిలో కునుకు, సాయంత్రం మళ్ళీ చదువు. కొన్నాళ్ళకు చదవకపోయినా నిద్ర పట్టడం మానేసింది. గుండె దడకు పరీక్షలు చేసిన డాక్టరు శరీరంలో ఏ లోపమూ లేదని చెప్పి, నాగపూర్‌లోనే ఉన్న ఒక మానసిక నిపుణురాలి దగ్గరికి పంపారు.

ఆమె మరాఠీ ఆవిడ. మేము హిందీలోనూ ఇంగ్లీషులోనూ మాట్లాడుకునేవాళ్ళం. మొదట్లో నేను నిద్ర గురించే మాట్లాడాను. ఆమె పరీక్ష మానేయమని చెప్పలేదు, రాయమనీ చెప్పలేదు. ఒక చిన్న పని అప్పగించారు. చదవడానికి కూర్చునే ముందు, పుస్తకం తెరవక మునుపు, "ఇప్పుడు నన్ను ఎవరు చూస్తున్నట్టుంది?" అన్న ప్రశ్నకు ఒకటి రెండు వాక్యాల్లో జవాబు రాసుకోవాలి. జవాబు మంచిగా ఉండాలన్న నియమం లేదు, తోచింది తోచినట్టు రాయాలి. ఎవరూ చూస్తున్నట్టు లేకపోతే ఆ మాటే రాయాలి. నాకు ఇది చాలా అల్పమైన పనిగా తోచింది. అయినా, అప్పగించిన హోంవర్కు ఎగ్గొట్టే అలవాటు లేనిదాన్ని కనుక రాశాను.

కొన్ని వారాల తర్వాత ఆ నోటుపుస్తకాన్ని ఒకేసారి చదివినప్పుడు అందులో కొందరే మళ్ళీ మళ్ళీ వస్తున్నారని కనిపించింది. పెళ్ళిలో ప్రశ్న అడిగిన బంధువు. ఇంగ్లీషులో నేను తడబడినప్పుడు చిరునవ్వు నవ్విన ఇంటర్ లెక్చరరు. ఆడపిల్లకు ఇంత ఖర్చెందుకని నాన్నకు సలహా ఇచ్చిన పెదనాన్న. అమెరికాలో ఉన్న వరసకు బావ. పేరు కూడా తెలియని, పొగాకు ఆకును కింద పడేసి పోయిన ఆ కొనుగోలుదారు కూడా. జిల్లా పాలన, భూమి రికార్డులు, కరువు మండలాలు, బడులు, అంటే ఇంటర్వ్యూలో నేను ఎంతో ఆసక్తి ఉందని చెప్పిన పనులేవీ ఆ పుటల్లో దాదాపు లేవు. కలెక్టరునై ఏం చేస్తానన్నది ఊహించుకుంటూ పుస్తకం తెరిచిన రోజులు లేవనను, కానీ అవి చాలా అరుదు. ఎవరూ చూస్తున్నట్టు లేదని రాసిన రోజుల్లో మాత్రం ఒక విశేషం ఉంది. ఆ రోజుల్లో చదివినది చరిత్రో తెలుగు కావ్యమో అయివుండేది, ఆ రోజు నిద్ర కూడా పట్టేది.

తర్వాతి ప్రశ్న నేనే వేసుకున్నాను. ఈ చూసేవాళ్ళంతా ఒక రోజు తలలూపి సరేనంటే నాకు దొరికేదేమిటి? చాలా కొట్టివేతల తర్వాత నిలిచిన జవాబు ఇది: ఇక నన్నెవరూ పక్కన పెట్టి వెళ్ళిపోలేరు. ఆ వాక్యం రాశాక నాకు తెలిసిన ఐఏఎస్ అధికారుల గురించి ఆలోచించాను. కొందరు అద్భుతంగా పనిచేస్తున్నారు. కానీ వాళ్ళలోనూ లూప్‌లైన్, అంటే ప్రాధాన్యం లేని, పోస్టింగ్ వచ్చిందని కుమిలేవాళ్ళు, బ్యాచ్‌మేట్‌కు పెద్ద జిల్లా ఇచ్చి తమకు చిన్న జిల్లా ఇచ్చారని లెక్కపెట్టుకునేవాళ్ళు, కేంద్రంలో పై పదవులకు అర్హులను ఎంచే ఎంప్యానెల్‌మెంట్ జాబితాలో పేరు రాలేదని నెలలు నిద్రపోనివాళ్ళు ఉన్నారు. నేను కోరుకుంటున్న హామీ వాళ్ళలో ఎవరికీ లేదు. అలాంటి హామీ ఏ నియామక పత్రంలోనూ రాయరని అక్షరాలా అర్థమైన రోజున నాకు దుఃఖం కలిగింది. ఎన్నో ఏళ్ళు దేన్ని చూసుకుని బతికానో అది అసలు అక్కడ లేదని తెలియడం తేలికగా ఉండదు. ఇలాంటి గ్రహింపుతో మనసు తేలికపడుతుందని చెప్పేవాళ్ళను నేను నమ్మను. నాకు చాలాకాలం బరువుగానే ఉంది.

ఆ నిపుణురాలు ఒకసారి వియన్నా వైద్యుడు ఆల్ఫ్రెడ్ ఆడ్లర్ ఆలోచనను వివరించారు. పసివాడు పెద్దల మధ్య చిన్నవాడిగా పెరుగుతాడు కనుక ఏదో ఒక మేరకు న్యూనతా భావం అందరిలోనూ ఉంటుందని, మనిషి ఎదగడానికి చేసే ప్రయత్నమంతా దానిలోంచే పుడుతుందని, అది గడ్డకట్టినప్పుడే జబ్బవుతుందని ఆయన భావన. నాకు ఆ మాట కొంత ధైర్యమిచ్చింది. అయినా అది నా కథకు పూర్తిగా సరిపోదని ఆమెతోనే అన్నాను. నాలో పడిన వెలితి పసితనంలో దానంతటదే మొలిచింది కాదు. తెలుగు మీడియం అని నవ్వినవాళ్ళున్నారు, ఆడపిల్లని అన్నవాళ్ళున్నారు, కౌలు రైతు కూతురని పక్క వరసలో కూర్చోబెట్టినవాళ్ళున్నారు. వెలితి లోపలిదేనని చెబితే బయటివాళ్ళు చేసినదంతా కొట్టుకుపోతుంది. బయటిదేనని చెబితే దాన్ని ఇన్నాళ్ళు పోషించింది నేనేనన్న సంగతి దాగిపోతుంది. రెండింటినీ ఒకేసారి పట్టుకోవడం నేర్చుకోవడానికి నాకు సమయం పట్టింది.

సెలవుకు ఇంటికి వెళ్ళినప్పుడు నాన్నను ఆ వేలం రోజు గురించి అడిగాను. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆ ఊసెత్తలేదు. ఆయన చాలాసేపు ఆలోచించి, "ఏ రోజు తల్లీ? నో బిడ్లు చాలాసార్లు పడ్డాయిగా" అన్నారు. నేను ఆకు సంగతి, బేలు సర్దిన సంగతి చెప్పాను. అప్పుడు ఆయనకు ఆ ఏడాది గుర్తొచ్చింది. పంట ఎక్కువై నిల్వలు పేరుకుపోయి కొనేవాళ్ళు వెనకాడిన రోజులవి. ఆ తర్వాతే 2000-01లో ఆంధ్రప్రదేశ్‌లో వర్జీనియా పొగాకుకు పంట విరామం వచ్చింది. "ఆకు మంచిదేనమ్మా, మీ అమ్మ చేసిన గ్రేడింగ్ ఎప్పుడన్నా తప్పిందా? బయట సరుకు లేవడం లేదు. అదే బేలు మళ్ళీ తీసుకెళ్తే ధర పలికింది. ఎంతకో గుర్తులేదు" అన్నారు. ఆయనకు నిజంగానే గుర్తులేదు. ఆ రోజు మధ్యాహ్నం నాకు కొనిపెట్టిన బజ్జీలు మాత్రం గుర్తున్నాయి. నాన్నకు అది వ్యాపారంలో ఒక చెడ్డ రోజు. నాకు అది మా మీద పడిన తీర్పు. ఒకే చోట పక్కపక్కనే నిలబడి మేమిద్దరం చూసినవి వేర్వేరు అని ఆ సాయంత్రం తెలిసింది. బేలు మళ్ళీ అమ్ముడైన సంగతి ఇంట్లో ఎవరూ నాకు దాచలేదు, నేనే అడగలేదు.

ఆ తర్వాత వచ్చిన నోటిఫికేషన్‌కు నేను దరఖాస్తు చేయలేదు. నా వయసు, ప్రయత్నాల సంఖ్య ఇంకా అనుమతిస్తూనే ఉన్నాయి. దాన్ని త్యాగమని నేను అనుకోను, విజయమనీ అనుకోను. జిల్లా పాలన మీద నిజంగా ప్రేమ ఉంటే మళ్ళీ రాయడం సబబేనని ఇప్పటికీ నా అభిప్రాయం. నా నోటుపుస్తకంలో ఆ ప్రేమకు దాఖలా చాలినంత కనిపించలేదు, అంతే. దరఖాస్తు గడువు దాటిన తర్వాతి నెలలు అన్నిటికన్నా కష్టంగా గడిచాయి. సాయంత్రాలు ఖాళీ అయ్యాయి. తరుముతున్నది ఆగిపోతే మనిషి ఎటు నడవాలో తోచదు. పుస్తకం చేతిలో లేకుండా కూర్చుంటే నేరం చేస్తున్నట్టుండేది. వంట నేర్చుకున్నాను, శిక్షణలో సగం నిద్రలో విన్న ఆదాయపు పన్ను చట్టాన్ని మొదటి నుంచి చదివాను. పరీక్ష కోసం కాకుండా చదివితే చట్టంలోని ప్రతి మినహాయింపు వెనక ఎవరిదో ఒకరి జీవితం, ఒక వాదం, ఒక తీర్పు కనిపిస్తాయి. వేళ్ళకు ఆకు తగిలినట్టు ఆ పని నాకు తగిలింది.

2020 ఆగస్టులో ఫేస్‌లెస్ అసెస్‌మెంట్ పద్ధతి అమల్లోకి వచ్చాక నా పని ఇంకా మారింది. పన్ను చెల్లింపుదారు ఒక నగరంలో ఉంటాడు, అతని కేసు చూసే యూనిట్ మరో నగరంలో ఉంటుంది. నోటీసులు, జవాబులు, ఉత్తర్వులు అన్నీ జాతీయ కేంద్రం ద్వారానే నడుస్తాయి. తన ఫైలు చూసిన అధికారి ఎవరో అతనికి తెలియదు. అతను మా గదిలోకి రాడు, నమస్కారం పెట్టడు. కొందరు తోటి అధికారులకు ఇందులో అధికారం తగ్గినట్టు తోచింది, వాళ్ళ బాధలో కొంత న్యాయం కూడా ఉంది. పని చేసినట్టు ఎవరికీ తెలియకపోతే ఎలాగని నాకూ మొదట్లో లోపల గింజుకుంది. ఎవరు చూస్తున్నట్టుందో రాసుకునే ఆ పాత అలవాటు మళ్ళీ మొదలుపెట్టాను. ఒక చిన్న వ్యాపారి లెక్కల్లో కంప్యూటరు అనుమానాస్పదమని చూపించిన జమలు నిజానికి పొలం అమ్మిన డబ్బేనని కాగితాల వరసలోంచి తేల్చి, అదనపు పన్ను వేయకుండా ఉత్తర్వు రాసిన రోజున ఆ పుస్తకంలో ఎవరి పేరూ లేదు. ఆ వ్యాపారికి నేనెవరో ఎప్పటికీ తెలియదు. ఆ ఉత్తర్వు సరిగ్గా రాశానన్న సంగతి నాకు తెలుసు, ఆ రోజుకు అది సరిపోయింది. అన్ని రోజులకూ సరిపోతుందని చెప్పలేను. తుది ఫలితాలు వెలువడే కాలంలో, లేదా బ్యాచ్‌మేట్ ఎవరైనా జిల్లాకు కలెక్టరుగా వెళ్ళినట్టు ఫొటో పెట్టినప్పుడు, గొంతులో పాత బిగింపు ఇప్పటికీ వస్తుంది. తేడా ఏమిటంటే, అది వచ్చిన వెంటనే ఇదివరకటిలా దరఖాస్తు వైపు పరుగెత్తను. ఎవరు గుర్తొచ్చారో చూసుకుంటాను. చాలాసార్లు ఆ బంధువే గుర్తొస్తాడు.

నా బ్యాచ్‌మేట్ ఒకతను, శ్రీకాకుళం జిల్లా మత్స్యకార కుటుంబం నుంచి వచ్చినవాడు, ఈ మాటలన్నీ విని ఒప్పుకోలేదు. "ఆ వెలితే లేకపోతే మనిద్దరం ఊరు దాటేవాళ్ళమా మేడమ్? అది పోగొట్టుకోమని మన పిల్లలకు చెబితే, కడుపు నిండినవాళ్ళ పిల్లలే కుర్చీల్లో కూర్చుంటారు" అన్నాడు. అతని వాదనను కొట్టిపారేయలేను. నన్ను పొలం గట్టు నుంచి ఢిల్లీలో ఇంటర్వ్యూ జరిగే ధోల్‌పూర్ హౌస్ దాకా నడిపించింది ఆ వెలితేనని నాకూ తెలుసు. అది నడిపించగలదు, కానీ ఎక్కడ ఆగాలో చెప్పలేదు, చేరిన చోట ఏం చేయాలో అసలే చెప్పలేదు అని జవాబిచ్చాను. అతను మళ్ళీ రాస్తున్నాడు. ఎథిక్స్ పేపరుకు నా పాత నోట్సు అడిగితే పంపించాను, మాక్ ఇంటర్వ్యూలకు కూడా కూర్చుంటున్నాను. అశోక్‌నగర్ నుంచి ఫోన్ చేసే పిల్లలకు తృప్తిగా ఉండమని నేను ఎప్పుడూ చెప్పను. వాళ్ళలో చాలామందికి ముందు ఒక ఉద్యోగం కావాలి, ఇంటి అప్పు తీరాలి. సిలబస్ గురించి, జవాబులు రాసే సాధన గురించి మాట్లాడాక, వీలు చిక్కితే ఆ నోటుపుస్తకం పద్ధతి చెబుతాను. కొందరు నవ్వి ఊరుకుంటారు. ఒకమ్మాయి మాత్రం రెండు నెలల తర్వాత ఫోన్ చేసి, తన పుటల్లో ఎక్కువగా వచ్చింది చనిపోయిన వాళ్ళన్నయ్య అని చెప్పింది. అతను ఇదే పరీక్షకు చదువుతూ ఉండేవాడట. ఆ రోజు మేము సిలబస్ జోలికి వెళ్ళలేదు, అతని గురించే మాట్లాడుకున్నాం.